పిల్లల చేతికి బండి తాళం ఎప్పుడివ్వాలి, పక్క సీట్లో ఎలా కూర్చోవాలి

ప్రశ్న: పిల్లలు డ్రైవింగ్ నేర్చుకునే వయసుకు వచ్చారు. మీ పిల్లలకు బండి ఎప్పుడిచ్చారు? కారు మీరే నేర్పారా, డ్రైవింగ్ స్కూల్‌కి పంపారా? భయం వేయలేదా?

మాది హనుమకొండ. ములుగు రోడ్డులో ఒక ఊరి బడిలో టీచర్‌ని, రోజూ కారులోనే వెళ్ళొస్తాను. పిల్లలిద్దరు. పాప పెద్దది, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. బాబు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఇద్దరికీ పక్కన కూర్చుని రోడ్డు మీద తిప్పింది నేనే. మా ఆయన ఎందుకు కాదంటే, ఆయన కారెక్కిన రెండో నిమిషానికే గొంతు పెంచుతారు. పాప మొదటి రోజే కారు పక్కకాపి "డాడీ దిగితేనే నేను తోలుతా" అని తేల్చేసింది. అప్పటి నుంచి ఆ డ్యూటీ నాకు పడింది.

ముందు పొట్టిగా చెప్పేస్తాను. ఇద్దరికీ 18 నిండాకే బండి ఇచ్చాం. క్లచ్చు, గేర్లు స్కూలు వాళ్ళు నేర్పారు, రోడ్డు నేను నేర్పాను. భయం వేసింది, ఇప్పటికీ వేస్తుంది.

వయసు విషయంలో మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. బాబు పదో తరగతిలో ఉన్నప్పుడు వాడి ఫ్రెండ్స్ చాలామంది ట్యూషన్‌కి యాక్టివా మీద వచ్చేవాళ్ళు. వీడొక్కడే సైకిల్. "మీరొక్కరే ఇట్లుంటరు మమ్మీ" అని అలిగి అన్నం మానేసిన రోజులున్నాయి. మా స్టాఫ్ రూమ్‌లో ఒకాయన "గేర్ లేని బండి 16కే నడపొచ్చు కదా మేడమ్" అని వాడికి వత్తాసు పలికారు. ఆ మాట చాలామంది అంటారు. చట్టంలో ఉన్నది 50 సీసీ లోపు బండ్ల సంగతి. యాక్టివా 110 సీసీ. 50 సీసీ లోపు పెట్రోల్ బండి ఇప్పుడు ఏ షోరూమ్‌లో దొరుకుతుంది?

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 199ఏ అని ఒక సెక్షన్ చేర్చారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులో, బండి ఓనరో దోషి అవుతారు. మూడేళ్ళ వరకు జైలు, 25 వేల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. "మాకు తెలియకుండా తీసుకెళ్ళాడు" అంటే సరిపోదు, తెలియదని మనమే నిరూపించుకోవాలి. ఇంకొకటి, లైసెన్స్ లేనివాడు ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ బాధితులకు డబ్బు కట్టినా, తర్వాత దాన్ని బండి ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఇవన్నీ ఒక ఆదివారం బాబును కూర్చోబెట్టి చదివి వినిపించాను. జైలు మాటకు వాడు నవ్వాడు కానీ, 25 ఏళ్ళదాకా లైసెన్స్ రాదనేసరికి మాత్రం నోరు మూసుకున్నాడు.

మా చుట్టాల్లో ఒకరున్నారు. వాళ్ళబ్బాయి తొమ్మిదో తరగతిలోనే పల్సర్ నడిపాడని ఫంక్షన్లలో గొప్పగా చెప్పుకుంటారు. వాళ్ళమ్మాయికి డిగ్రీ అయిపోయినా స్కూటీ కొనివ్వలేదు. "ఆడపిల్లకెందుకు, ఎటన్నా పోవాలంటే తమ్ముడు దింపి రాడా" అంటారు. ఆ తమ్ముడికి అప్పటికి లైసెన్స్ లేదు. చట్టం 18 అని ఒకటే వయసు రాసింది. మన ఇళ్ళల్లో మాత్రం కొడుక్కి 14, కూతురికి పెళ్ళయ్యాక మొగుడి ఇష్టం. దీని మీద నేను ఎక్కడైనా వాదిస్తాను, ఇక్కడ కూడా.

అందుకే మా ఇంట్లో ఇద్దరికీ ఒకే రూల్ పెట్టాం. 18 నిండగానే ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ళకిచ్చే తాత్కాలిక లైసెన్స్), ముందు స్కూటీ, తర్వాత కారు. పాపకు చెప్పింది చెప్పినట్టు బాబుకూ చెప్పాం. "అక్కకు ఇంత స్పీడ్, నాకు ఇంత స్పీడ్" అని బేరాలు లేవు.

ఎల్ఎల్ఆర్ టెస్ట్ గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకుని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్తే కంప్యూటర్ మీద ప్రశ్నలడుగుతారు, తెలుగులో కూడా రాయొచ్చు. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక పర్మనెంట్ లైసెన్స్ టెస్ట్‌కి వెళ్ళొచ్చు. ఆ మధ్యకాలంలో కారుకు ముందూ వెనకా ఎర్ర ఎల్ బోర్డు ఉండాలి, పక్కన లైసెన్స్ ఉన్నవాళ్ళు కూర్చోవాలి. స్కూటీ అయితే నేర్పేవాళ్ళు తప్ప వెనక ఇంకెవరూ ఎక్కకూడదు. "ఎల్ఎల్ఆర్ వచ్చింది కదా, చెల్లిని కాలేజీలో దింపు" అని పంపే ఇళ్ళు నాకు చాలా తెలుసు.

ఇక స్కూలా, మనమా అన్న దానికి వద్దాం. పాపను స్కూల్‌కి పంపాం. నెల తిరిగేసరికి "నాకు వచ్చేసింది మమ్మీ" అంది. నిజంగానే గేర్లు చక్కగా మారుస్తోంది, స్టీరింగ్ వంకర లేదు. మా కారులో కూర్చోబెట్టి కాలనీ మలుపు దాటించాక అసలు సంగతి తెలిసింది. ఎదురుగా ఒక బర్రె అడ్డం వచ్చింది. పాప స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది, చూస్తోంది, కాలు మాత్రం కదలలేదు. నేను హ్యాండ్‌బ్రేక్ లాగాను. బర్రె తన దారిన అది పోయింది.

ఎందుకలా అయిందంటే, స్కూలు కారులో సార్ కాళ్ళ దగ్గర కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. ట్రాఫిక్‌లో అవసరమైనప్పుడల్లా ఆయనే చప్పుడు చేయకుండా తొక్కేస్తున్నాడు. కారు ఆగుతోంది కాబట్టి తనే ఆపానని పిల్ల అనుకుంటోంది. ఆయన తప్పని నేననను, రోజంతా కొత్తవాళ్ళతో రోడ్డు మీద తిరిగే మనిషి తన జాగ్రత్త తాను చూసుకోవాలి కదా. మీరు మాత్రం ఒక పని చేయండి. స్కూల్ నుంచి పిల్లలు రాగానే "ఈరోజు బ్రేక్ నువ్వు వేశావా, సార్ వేశాడా?" అని అడగండి. బాబు చేరినప్పుడు మొదటి రోజే సార్‌కు చెప్పాం, మీరు బ్రేక్ తొక్కిన ప్రతిసారీ నోటితో చెప్పండి అని. ఆయన నవ్వాడు, కానీ చెప్పాడు.

బ్రేక్ నేర్పడానికి మాకు పనికొచ్చినవి వెంచర్లు. హనుమకొండ చుట్టూ ఎటు పోయినా రియల్ ఎస్టేట్ వాళ్ళు పెద్ద ఆర్చీ కట్టి, లోపల తారురోడ్లు వేసి, రెండు పక్కలా మొక్కలు నాటి, ప్లాట్లకు రాళ్ళు పాతి వదిలేసిన లేఅవుట్లు ఉన్నాయి. ప్లాట్లన్నీ అమ్ముడయ్యాయి, ఇల్లు ఒక్కటీ రాలేదు. వాచ్‌మెన్‌కు చెప్పి ఆదివారం పొద్దున్నే లోపలికి పోయేవాళ్ళం. నలభైలో పోతుండగా నేను చేయి ఎత్తితే ఆపాలి. తర్వాత ఫలానా నంబరు ప్లాట్ రాయి దగ్గర కచ్చితంగా ఆపాలి. మేం కూడా అలాంటి వెంచర్లోనే ఒక ప్లాట్ కొని పెట్టుకున్నాం. మా డబ్బుకు ఆ రోడ్ల వల్ల జరిగిన ఉపయోగం ఇప్పటికి ఇదొక్కటే.

క్లచ్ కూడా అక్కడే మళ్ళీ మొదటి నుంచి నేర్పాను. యాక్సిలరేటర్ జోలికి పోకుండా ఫస్ట్ గేర్లో క్లచ్ మెల్లగా వదలడం. ఒక చోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, కారు ముందుకు పోవాలా వద్దా అన్నట్టు చిన్నగా వణుకుతుంది. అక్కడ కాలు ఆపి ఉంచాలి. హాఫ్ క్లచ్ అంటే అదే. చదునైన రోడ్డు మీద ఇది పట్టుబడితే ఎత్తు మీద భయపడక్కర్లేదు.

ఎత్తు అంటే మా ఊళ్ళో అందరికీ గుర్తొచ్చేది కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి. రైలు పట్టాల మీద ఇరుకు వంతెన, హైదరాబాద్ నుంచి వచ్చే బండ్లు చాలావరకు దాని మీదుగానే ఊళ్ళోకి వస్తాయి. సాయంత్రం జామ్ అయిందంటే ఎక్కే దగ్గరే నిలబడిపోవాలి. పాపకు ఆ రోజు రాక తప్పలేదు. ముందు ఆటో, వెనక ఆర్టీసీ బస్సు. "మమ్మీ, అద్దం నిండా బస్సే కనబడుతోంది" అంది. గొంతు మారిపోయింది. కారు ఒకసారి ఆగిపోయింది, మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ ఆగింది. వెనక నుంచి ఒకటే హారన్లు. ఒకతను బైక్ మీద పక్కనుంచి పోతూ వంగి చూసి "లేడీసా" అన్నాడు.

నేను "హ్యాండ్‌బ్రేక్" అని ఒక్క మాటన్నాను. లాగింది. వెంచర్లో చేసినట్టే క్లచ్ వదిలింది, ముందు భాగం కొంచెం లేచింది, చాలా కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి హ్యాండ్‌బ్రేక్ దింపింది. కారు ఒక్క అంగుళం వెనక్కి పోకుండా కదిలింది. బ్రిడ్జి దిగాక కిటికీ దించి, ఆ బైకతను ఎక్కడున్నాడా అని వెతికింది. ఇది మాత్రం ఏ స్కూలూ నేర్పలేదు, దాని సొంతం.

ఒక్క మాటే ఎందుకన్నానంటే, అంతకుముందే మేం ఒప్పందం చేసుకున్నాం. కారు కదులుతుంటే నేను వాడగలిగిన మాటలు "బ్రేక్", "అద్దం", "మెల్లగా", "హ్యాండ్‌బ్రేక్". అంతే. "చూసుకో", "జాగ్రత్త", "అయ్యో", "రామా" ఇవి నిషేధం. "జాగ్రత్త" అనగానే పిల్లలు రోడ్డు వదిలి మన మొహం చూస్తారు. ఏం చేయాలో చెప్పని మాట అది. చెప్పాల్సిన మిగతావన్నీ ఇంటికొచ్చాక చాయ్ తాగుతూ చెప్పాలి. ఇరవై ఏళ్ళ పైగా పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి అలవాటైన నోరు నాది. కారు నేర్చుకోవడానికి వాళ్ళు పడ్డ కష్టం కంటే మాట్లాడకుండా ఉండటానికి నేను పడ్డ కష్టమే ఎక్కువ.

ఇలా నోరు కట్టేసుకుని కూర్చోవడం వల్ల నేను అనుకోనిది ఒకటి జరిగింది. పిల్లలే మాట్లాడటం మొదలుపెట్టారు. ఇంట్లో గది తలుపు తీయని బాబు, స్టీరింగ్ పట్టుకున్నాక చూపు రోడ్డు మీద ఉంచి ఏవేవో చెప్పేవాడు. ఒకరోజు స్పీడ్ బ్రేకర్ దగ్గర గేర్ మారుస్తూ, ట్రాఫిక్ గురించి చెప్పినంత మామూలుగా "ఎం-2 పోయింది మమ్మీ" అన్నాడు. అంటే మ్యాథ్స్ సబ్జెక్ట్ ఫెయిల్, సప్లీ రాయాలి. కారు వాడి చేతిలో ఉంది, ఒప్పందం ప్రకారం నాకున్నవి నాలుగు మాటలు. ఏమనగలను? "మెల్లగా" అన్నాను. ఆ సప్లీ సంగతి వాళ్ళ డాడీకి ఎలా చెప్పాలో మిగతా దారంతా ఇద్దరం కలిసి ఆలోచించాం.

టెస్ట్ గురించి ఒక అభిప్రాయం చెబుతాను, కొందరికి నచ్చకపోవచ్చు. ట్రాక్ మీద 8 వేయించడం, హెచ్ ఆకారంలో రివర్స్ చేయించడం, ఎత్తు ఎక్కించడం అన్నీ మంచివే. స్టీరింగ్ మీద పట్టు ఉందో లేదో తెలుస్తుంది. కానీ నడక కంటే కాస్త ఎక్కువ వేగంలో పాసైన పిల్లవాడికి మర్నాడు నాలుగు లైన్ల హైవే మీద వందలో వెళ్ళే హక్కు వచ్చేస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న దూరం ఇంట్లోవాళ్ళే పూడ్చాలి. మేం లైసెన్స్ వచ్చాక ఆరు నెలలు ఒంటరిగా హైవే ఎక్కనివ్వలేదు. వాన పడుతుంటే కావాలని తీసుకెళ్ళాం, రాత్రి కూడా.

బాబు పక్కన నేను కూర్చుని చేసిన మొదటి దూరప్రయాణం రామప్ప. ములుగు మీదుగా పోయి జంగాలపల్లి క్రాస్ దగ్గర తిరగాలి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక టూరిస్టుల బండ్లు పెరిగాయి. మేం పోయింది యాసంగి కోతలప్పుడు. ఊరి రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి, కుప్పలకు నల్ల కవర్లు కప్పి చుట్టూ రాళ్ళు పెట్టారు. పగలు సరే, బండి కొంచెం పక్కకు తీసి పోవచ్చు. చీకటి పడ్డాక నల్ల తారు మీద నల్ల కవరు, దాని పక్కన రాయి. దగ్గరికి పోయేదాకా కనబడదు. బైకు మీద పోయేవాళ్ళు ఆ రాళ్ళకు తగిలి పడటం ప్రతి కోతల సీజన్‌లో పేపర్లో వచ్చే వార్తే. కాబట్టి మా పిల్లలకు గట్టిగా చెప్పాను, రోడ్డు మీద వడ్లు కనబడ్డాయంటే ఇక ఆ ఊరు దాటేదాకా రాయి ఉందనే అనుకుని నడపండి అని. వెనక లైట్ లేని ట్రాక్టర్ ట్రాలీల గురించి కూడా అదే చెప్పాను. బాబు "వీళ్ళు రోడ్డు మీద పోసుడేంది" అని విసుక్కున్నాడు. నా దగ్గర చదివే పిల్లలు ఆ రైతుల పిల్లలే. కల్లాలు లేక రోడ్డెక్కారు, తేమ ఎక్కువుంటే కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోరు. ఇది కూడా డ్రైవింగ్‌లో భాగమే అనుకుని వాడికి అంతా చెప్పాను. వచ్చేటప్పుడు చీకటి పడకముందే ములుగు దాటాం.

ఏదైనా జరిగితే ఏం చేయాలో కూడా ముందే మాట్లాడుకోవాలి. మా ఇంట్లో ఒకటే మాట. తప్పు ఎవరిదైనా ముందు ఆగాలి, పారిపోకూడదు, 108కి ఫోన్ చేయాలి, తర్వాత మాకు. వేరేవాళ్ళ యాక్సిడెంట్ కనబడినా ఆగి సాయం చేయమని చెప్పాం. 2019 సవరణలోనే సాయం చేసినవాళ్ళకు రక్షణ కల్పించారు, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పక్కర్లేదు. "పోలీసుల గొడవ మనకెందుకు" అనే మాట మన తరంతో పోతే బాగుంటుంది.

భయం గురించి అడిగారు. పాప ఉద్యోగంలో చేరాక, ఇంటి కారు తీసుకుని ఒంటరిగా హైదరాబాద్ వెళ్తానంది. జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా ఉప్పల్‌కి, ఎక్కువ భాగం హైవేనే. చుట్టాల్లో ఎవరెవరు ఏమన్నారో రాస్తే ఈ జవాబు చాలదు. పల్సర్ వాళ్ళు కూడా "ఆడపిల్లను ఒక్కదాన్నే పంపుతున్నరా" అని ఫోన్ చేశారు. పంపాం.

వెళ్ళేటప్పుడు ఫోన్లు చేయకూడదని మా మధ్య రూల్. డ్రైవింగ్‌లో ఉన్న పిల్లకు తల్లి ఫోన్ చేసి "ఎక్కడున్నావ్" అనడమంత ప్రమాదం ఇంకోటి లేదు. కానీ కారు ఫాస్టాగ్ నా నంబరుకే లింక్ అయి ఉంది. కోమళ్ళ టోల్ దగ్గర డబ్బు కట్ అయిందని నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, జనగామ వైపు సాగిందని అర్థం. ఇంకాసేపటికి బీబీనగర్ దగ్గర గూడూరు టోల్ మెసేజ్ వస్తుంది, హైదరాబాద్ దగ్గరపడ్డట్టే. టోల్ పోతే బాధపడే మా ఆయన కూడా ఆ రోజుల్లో "ఇంకా కట్ కాలేదా" అని అడుగుతుంటారు. మధ్యలో ఎక్కడైనా చాయ్ తాగడానికి ఆగిందంటే లెక్క తప్పుతుంది, ఆ అరగంట నేను వంటింట్లో ఏం చేస్తున్నానో నాకే తెలియదు. ఈ సంగతి తెలిశాక పాప "నీ నంబర్ తీసేసి నాది పెట్టుకోనా" అని ఆటపట్టిస్తుంది. ఆ ఒక్కటీ ఒప్పుకోనని చెప్పాను.

గేర్ల కారా, ఆటోమేటికా అని ఎవరైనా అడుగుతారేమో. ఇంట్లో ఏది ఉంటే దాని మీదే నేర్పండి. మాది గేర్ల కారు కాబట్టి అదే నేర్చుకున్నారు. నాకిప్పుడు మోకాళ్ళ నొప్పులు, తర్వాత కొనేది ఆటోమేటికే.

ప్రస్తుతం ఇంట్లో నడుస్తున్న గొడవ వేరు. వచ్చే మేడారం జాతరకు కుటుంబమంతటినీ తనే కారులో తీసుకెళ్తానని బాబు పట్టుబడుతున్నాడు. మామూలు రోజుల్లో అయితే తాళం ఇచ్చేదాన్నే. జాతర ట్రాఫిక్‌లో, అంత జనంలో, దుమ్ములో, గంటల తరబడి ఫస్ట్ గేర్లో నడపడం అనుభవమున్న డ్రైవర్లకే కష్టం. ఆర్టీసీ బస్సులో పోదామన్నాను. వాడు వాళ్ళ అక్కను తన వైపు తిప్పుకున్నాడు. మా ఆయన మాత్రం ఈసారి నా వైపే.